మైకు వదిన గొంతు తడబడిన రోజు

తెల్లవారుతూనే ఆ బస్‌స్టేషన్‌లో అందరికంటే ముందు నిద్రలేచేది ఒక గొంతు. టీ కొట్టులో పాలు ఇంకా పొంగకముందే, చీపురు రెండో వరస బెంచీల దాకా రాకముందే, పైకప్పు ఇనుప దూలాలకు వేలాడే స్పీకర్లలోంచి అది కిందికి దిగేది. "ఏడో నంబరు బస్సు, పాత వంతెన మీదుగా ఆసుపత్రికి, మూడో ప్లాట్‌ఫారం." జనం నిద్రకళ్ళతో, తలెత్తకుండానే, సంచులు భుజాన వేసుకుని ఆ గొంతు వెంట నడిచేవారు. మసక వెలుతురులో తల్లి కొంగు పట్టుకుని నడిచే పిల్లల్లా.

ఆ గొంతు గల మనిషిని డ్రైవర్లు మైకు వదిన అంటారు. కంట్రోలు గదిలో గోడకు ఆనించిన బల్ల ముందు కూర్చుంటుంది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ ప్లాట్‌ఫారాల వైపు కాక బస్సులు కడిగే చోటు వైపు తెరుచుకుంటుంది. అందుకని ఆమెకు కనిపించేది జనం కాదు, తడిసిన టైర్లూ, నురగా, ఎండ పడ్డప్పుడు నీటి పైపు చివర మెరిసే ఇంద్రధనుస్సు ముక్కా.

ఆమె చేరింది టికెట్ల కౌంటర్లో. ఒకనాడు అనౌన్స్‌మెంట్లు చెప్పే ఆయనకు జలుబు చేసి, గొంతు గరగరలాడుతుంటే, అప్పటి కంట్రోలరు కౌంటర్లోకి తల పెట్టి "నీకు చదవడం వచ్చుగా, రా" అని చేతిలో మైకు పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం ఎవరూ తప్పు బస్సు ఎక్కలేదట. స్టేషన్ వెనక వీధిలో మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ ఆ గొంతు విని, చేతిలో తడి దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయిందట. "ఈ పిల్ల పిలిస్తే చెడిపోయిన బస్సు కూడా లేచి వచ్చేట్టుందే" అనుకుని, ఆరా తీసి, కొడుకును వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడటానికి వెళ్ళింది. అలా ఆవిడ అత్తగారైంది. పెళ్ళయ్యాక మాత్రం ఆ గొంతు గురించి ఒక్క మంచి మాట అనలేదు. "పొద్దస్తమానం స్పీకర్లో నువ్వే, ఇంటికొస్తే ఇక్కడా నువ్వేనా? కాస్త నోటికి సెలవియ్యి తల్లీ" అని రోజూ విసుక్కునేది.

ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. స్టోరు గది గోడలకు దుప్పట్లు కట్టి, ఆమె చేత అంకెలు, ఊళ్ళు, ప్లాట్‌ఫారాలు విడివిడిగా చదివించి రికార్డు చేశారు. ఇప్పుడు బస్సు గేటు దాటగానే కంప్యూటరే ఆ ముక్కలను ఏరి, పూలదండలా గుచ్చి, ఆమె గొంతుతో పలికిస్తుంది. కానీ దండలో చేరని మాటలు రోజూ కొన్ని ఉంటాయి. వాన పడితే "మెట్లు జారుతున్నాయి, పిల్లల చెయ్యి వదలకండి" అనాలి. ఎవరైనా గొడుగు మరిచిపోతే చెప్పాలి. అవన్నీ ఆమె మైకు ముందు కూర్చుని నేరుగా చెబుతుంది. ఎప్పుడో ఒక ప్రయాణికుడు "నా బస్సు గురించి చెప్పనే లేదు" అని పెద్ద గొడవ చేయడంతో, నేరుగా చెప్పే మాటలు కూడా కంప్యూటర్లో వాటంతట అవే భద్రమయ్యేలా ఏర్పాటు చేశారు. కొన్నేళ్ళ వానలూ, ఎండలూ, పోయిన గొడుగులూ ఆమె గొంతులో అక్కడ నిద్రపోతున్నాయి.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆమెకు. ఏ అనౌన్స్‌మెంటులో తేడా వచ్చినా, తప్పు ఎవరిదైనా, వెంటనే మైకు అందుకుని "క్షమించండి" అంటుంది. "మీదేం లేదు కదా వదినా, ఆ సారీ దేనికి?" అని డ్రైవర్లు నవ్వితే, "స్పీకర్లో పలికింది నేనే కదా, ఇంకెవరు చెప్తారు?" అంటుంది.

ఆ రోజు పొద్దున మొదటి బస్సుకే గొంతు తడబడింది.

"ఏడో... ఏడో నం... నంబరు... బ..." అని స్పీకర్లు ఆగి, ఊపిరి పీల్చుకున్నట్టు గరగరమని, "...స్సు" అన్నాయి. ఆ మాట పూర్తయ్యేలోపు బస్సు కదిలిపోయింది. ఆమె చప్పున మైకు లాక్కుని "క్షమించండి, ఏడో నంబరు వెళ్ళిపోయింది, తర్వాతి బస్సు ఇప్పుడే వస్తుంది" అంది. ఆ వెంటనే పన్నెండో నంబరు ఇంకా ఘోరంగా తడబడింది. ఆమె మళ్ళీ క్షమాపణ చెప్పింది. బల్ల కింద కంప్యూటరు పెట్టె ఫ్యాను రొద చేయడం మొదలెట్టింది, ఎత్తు రోడ్డెక్కుతున్న లారీలా.

రీస్టార్ట్ చేసింది. కాసేపు తేనెలా పలికింది. వాన మబ్బు పట్టింది కదా అని మెట్ల గురించి ఒక్కమాట చెప్పిందో లేదో, మళ్ళీ నత్తి.

ఫోను మోగింది. అత్తగారు.

"ఏమే, నీకు జ్వరమా? మేడ మీదికి వినపడుతోంది. ఒక్కో మాటా మూడుసార్లు నమిలి మింగుతున్నావ్."

"నేను కాదత్తయ్యా, కంప్యూటరు."

"గొంతు నీదే కదా! పక్కింటావిడ అడుగుతోంది, మీ కోడలికి పక్షవాతమా అని. ఏం చెప్పమంటావ్?"

"బాగానే ఉన్నానని చెప్పండి."

"ఎలా చెప్పను, స్పీకరు కాదంటోందిగా!"

ఫోను పెట్టేసరికి గుమ్మంలో కంట్రోలరు నిలబడి ఉన్నాడు. పెద్దమనిషే, కానీ కంగారు పడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఆ చెవులు టమాటాల్లా ఉన్నాయి.

"అమ్మా, ఫిర్యాదులు హెడ్డాఫీసు దాకా వెళ్ళాయి. సాయంత్రానికల్లా వ్యాన్లో కొత్త పెట్టె పంపిస్తారట. అందులో తయారు గొంతు ఉంటుందట. మనిషితో పని లేదు, రికార్డింగుతో పని లేదు."

"ఎవరి గొంతు సార్?"

"ఎవరిదీ కాదమ్మా. అదే కదా దాని గొప్ప." ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు. "వ్యాను వచ్చేలోపు ఇది బాగుపడితే పెట్టెను అలాగే తిప్పి పంపిస్తా. నా మాట. లేకపోతే నా చేతుల్లో లేదు."

ఆయన వెళ్ళాక గదిలో ఫ్యాను రొద ఒక్కటే మిగిలింది. ఎవరిదీ కాని గొంతు! అది వాన పడితే పిల్లల చెయ్యి పట్టుకోమంటుందా? ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఒక చురుకు పుట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, హెడ్డాఫీసు కంప్యూటర్ల విభాగానికి ఫోను కొట్టింది.

ఫోనెత్తింది ఒక అమ్మాయి. గొంతులో అప్పుడే ఉద్యోగంలో చేరిన ఉత్సాహం ఇంకా ఆరలేదు. "మేడమ్, భయపడకండి. టాస్క్ మేనేజర్ తెరవండి. మనకు కనపడకుండా తెర వెనక ఏ ప్రోగ్రాం ఎంత తింటోందో అందులో వరసగా ఉంటుంది."

తెరిచింది. పట్టికలో అన్నిటికంటే పైన ఒక పేరు. దాని పక్కన అంకె తొంభై దాటి ఊగుతోంది. మిగిలినవన్నీ విస్తళ్ళ ముందు ఖాళీ చేతులతో కూర్చున్నట్టు సున్నాల దగ్గర ఉన్నాయి. బస్సుల పేర్లు పలకాల్సిన ప్రోగ్రాం పాపం అడుగున ఎక్కడో రెండు మెతుకుల మీద బతుకుతోంది.

"ఇదిగో తల్లీ, దొరికాడు దొంగ!" అని ఆమె కేక పెట్టింది.

"పేరు చదవండి... ఓ, అదా! అది దొంగ కాదు మేడమ్. నిన్న రాత్రి అప్‌డేట్‌తో మేమే పంపాం. రికార్డింగులన్నిటినీ ఒకే ఎత్తుకు తెస్తుంది. ఒక మాట గట్టిగా, ఒక మాట మెల్లగా వినపడకుండా."

"నా గొంతును సమం చేయడానికి వచ్చి నా గొంతే పట్టుకుందా!"

"దాన్ని ఎంచుకుని, పని ఆపేయమనండి."

ఆపింది. అంకె దబ్బున పడిపోయింది. ఫ్యాను నిట్టూర్చింది. ఇద్దరూ "హమ్మయ్య" అనేలోపు అదే పేరు మళ్ళీ పట్టిక పైకెక్కి కూర్చుంది. ఇంకోసారి ఆపింది. మళ్ళీ వచ్చింది.

"తలుపేస్తే కిటికీలోంచి వస్తోంది అమ్మాయ్!"

"దానికి కాపలా ప్రోగ్రాం ఒకటుంది, ఇది పడిపోతే లేపుతుంది. పూర్తిగా పీకేయాలంటే అమ్మిన కంపెనీవాళ్ళు తాళం ఇవ్వాలి, వాళ్ళేమో ఫోనెత్తడం లేదు. మిగతా స్టేషన్లలో ఇదే ఉంది మేడమ్, ఎక్కడా ఈ గొడవ లేదు. ఒక్కసారి పని పూర్తి చేసుకుని పడుకుంటోంది. మీ దగ్గర మాత్రం ఎందుకు పడుకోవడం లేదో..."

ఇంటర్నెట్ తీగ పీకి చూశారు. తేడా లేదు. వైరస్ ఉందేమో వెతికారు. ఏమీ లేదు. డిస్కు నిండిపోయిందేమో చూశారు. బోలెడంత ఖాళీ. ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోతుంటే ఆ అమ్మాయి గొంతు నీరుకారడానికి బదులు ఇంకా హుషారెక్కింది. "మేడమ్" పోయి ఎప్పుడో "అక్కా" అయింది. "అక్కా, ఇది కాదు, అది కాదు అంటే చోటు తగ్గుతోందన్నమాట. దగ్గరికొచ్చేస్తున్నాం!" అంది. మైకు వదినకు ఆ మాట చల్లటి నీళ్ళలా తగిలింది. ఈ మధ్యలో ఏ బస్సు తడబడినా ఆమె అలవాటు ప్రకారం మైకు నొక్కి క్షమాపణ చెబుతూనే ఉంది.

మధ్యాహ్నం అమ్మాయి భోజనానికి వెళ్ళింది. ఈమె కూడా టిఫిను డబ్బా తెరిచింది. తిన్నది ఏమిటో తెలియలేదు. నోట్లో ముద్ద ఉండగా మళ్ళీ ఫోను.

"ఇప్పుడు బాగైందిగా!" అన్నారు అత్తగారు.

"ఏది అత్తయ్యా?"

"నీ గొంతు. ఇందాకట్నుంచి చక్కగా పలుకుతోంది. అన్నం తింటున్నావా?"

"తింటున్నా."

"అదీ సంగతి. నోట్లో ముద్ద ఉంటే బాగుంటోంది. నువ్వు 'క్షమించండి, క్షమించండి' అని మైకులో మొదలెట్టగానే మళ్ళీ దానికి పిచ్చి పడుతోంది. పొద్దుట్నుంచి మేడ మీద పప్పులు ఎండబెడుతూ వింటూనే ఉన్నా. నువ్వు మాట్లాడటం, అది నత్తిగొట్టడం. నువ్వు ఊరుకోవడం, అది కుదుటపడటం. నేను ఏళ్ళ తరబడి చెప్తున్నా, నోటికి కాస్త సెలవియ్యమని!"

ఆమె నెమ్మదిగా తల తిప్పి తెర వైపు చూసింది. పట్టిక పైనున్న అంకె తొంభైలో లేదు. ముప్పైకి దిగి, ఇంకా దిగుతోంది. ఫ్యాను రొద కూడా సన్నబడింది. తలమునకలుగా ఉన్న ఆమె దాన్ని వినిపించుకోనే లేదు. గొంతులతో బతికే మనిషి, ఆ పెట్టె గొంతును మాత్రం వినలేదు!

"అత్తయ్యా, మీ కాళ్ళకు దండం!" అని ఫోను పెట్టేసింది.

అవతల "ఏమైందే దీనికి?" అన్నది ఆమెకు వినపడలేదు.

అమ్మాయి తిరిగి రాగానే ఊపిరాడకుండా చెప్పింది. అమ్మాయి వెంటనే "అక్కా, ఒక్క మాట... ఒక్కటంటే ఒక్కటి, మైకులో అనండి. ఏదైనా. తెర చూస్తూ అనండి" అంది.

మైకు వదిన మీట నొక్కింది. ఏమనాలో తోచలేదు. "గొడుగు" అంది. స్టేషన్ అంతటా ఒంటరిగా "గొడుగు" అని మోగింది. ప్లాట్‌ఫారాల మీద జనం అయోమయంగా ఆకాశం వైపు చూసే ఉంటారు. తెర మీద అంకె ఎగిరి తొంభై అయిదు మీద కూర్చుంది. ఫ్యాను గర్జించింది.

"ఎగిరింది తల్లీ, ఎగిరింది!"

"దొరికింది అక్కా, దొరికింది!" ఫోనుకు ఆ చివర కుర్చీ జరిగిన చప్పుడు, లేచి గంతేసినట్టుంది. "మీ నేరు మాటలు కూడా ఆ ఫోల్డర్‌లోనే భద్రమవుతున్నాయి కదా! కొత్త ఫైలు ఒకటి పడగానే ఆ ప్రోగ్రాం దాన్ని పాతవాటితో సరిచూడటానికి మొదటి ఫైలు దగ్గర్నుంచి మళ్ళీ మొదలెడుతోంది. మీ ఏళ్ళ మాటలన్నీ వింటోంది. పూర్తయ్యేలోపే మీరు ఇంకో క్షమాపణ చెప్తున్నారు. మళ్ళీ మొదటికి!"

"అంటే... తడబడుతోందని నేను క్షమాపణ చెప్తే, క్షమాపణ చెప్పినందుకు అది తడబడుతోందా!"

ఇద్దరూ ఒక్కసారిగా నవ్వారు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. మిగతా స్టేషన్లలో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పడం లేదు కాబట్టి ఆ ప్రోగ్రాం హాయిగా నిద్రపోతోంది. ఇక్కడ మాత్రం దాన్ని పొద్దుటి నుంచి మర్యాదగా తట్టి లేపుతోంది ఆమే.

"ఇప్పుడేం చేద్దాం? ఆ పాతవన్నీ వేరే చోటికి మార్చేయనా?"

"వద్దు వద్దు! కదిపినా అదొక మార్పే, మళ్ళీ మొదలెడుతుంది. ముందు ఈ దఫా పూర్తి కానిద్దాం. ఇకనుంచి మధ్యలో లేవకుండా, ఆఖరి బస్సు వెళ్ళాకే పని చేసేట్టు నేను ఇక్కణ్నుంచి మారుస్తా. స్పీకర్లు కూడా ఆపేస్తే ఒక అరగంటలో అయిపోతుంది. కానీ ఆ అరగంట మైకులో గాలి కూడా ఊదకూడదు అక్కా."

"అరగంట స్పీకర్లు ఆపాలా!" అని ఆమె గట్టిగా అనడం కంట్రోలరు గుమ్మంలోంచి విన్నాడు. ఆయన చెవుల రంగు మళ్ళీ మారింది. "అరగంటా? ఇప్పుడా? ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళమ్మా! బస్సులన్నీ ఒకేసారి పడతాయి. చెప్పేవాళ్ళు లేకపోతే తొక్కిసలాటే. ఆ వ్యాను కూడా బయల్దేరిందట."

ఆమె లేచి నిలబడింది. చెప్పులు వేసుకుంది.

"స్పీకర్లు ఆపండి సార్. నేను వెళ్తున్నా."

"ఎక్కడికి?"

"ప్లాట్‌ఫారం మీదికి. నా దగ్గర ఇంకో స్పీకరుంది." గొంతు మీద వేలు పెట్టి చూపించి, తలుపు తోసుకుని బయటికి పరుగెత్తింది.

ఏళ్ళుగా తన మాటతో నడిపించిన చోట ఆమె నడిచింది తక్కువ. జనం ఇంతమందా! నూనె మరకల చొక్కాలు, అన్నం డబ్బాలు, ఏడ్చే పసిబిడ్డ, ఇంజన్ల వేడి, వాన వాసన. మొదటి స్తంభం దగ్గర సిమెంటు దిమ్మె ఎక్కి, గుండెల నిండా గాలి పీల్చుకుని, "ఏడో నంబరు! పాత వంతెన మీదుగా ఆసుపత్రికి! మూడో ప్లాట్‌ఫారం!" అని కేకేసింది.

జనమంతా ఒక్కసారిగా పైకి, స్పీకర్ల వైపు చూశారు. అలవాటు. అక్కణ్నుంచి మాట రాకపోవడంతో చూపులు కిందికి దిగాయి, వెతికాయి, దిమ్మె మీద జుట్టు చెదిరిన ఒక నడివయసు మనిషి దగ్గర ఆగాయి.

"ఓరి, ఈ గొంతు మీదేనా?" అన్నాడు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన. "నేను సన్నగా, పొడుగ్గా ఉంటారనుకున్నానమ్మా!"

"అదంతా తర్వాత తాతగారూ, మీ పన్నెండో నంబరు కదులుతోంది, ఎక్కండి!"

"నా బస్సు నంబరు మీకెలా తెలుసు?"

"మీ సంచీ మీద మార్కెట్ ముద్ర ఉందిగా, పన్నెండు వెళ్ళేది అక్కడికే. పరుగెత్తండి!"

ఆమె ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి తిరిగింది. ఒక్కో బస్సు ముక్కు గేటులో కనపడగానే పేరెట్టి పిలిచింది. డ్రైవర్లు కిటికీల్లోంచి "వదినా, మైకేది?" అని అరిచి, నవ్వి, ఆమె మాట ఆగాకే హారను కొట్టారు. మెట్ల దగ్గర ఒక తల్లిని చూసి "పిల్లాడి చెయ్యి పట్టుకో అమ్మా" అంది, ఆ చేతిని తానే తీసి తల్లి చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళూ గాలిలోకి వదిలిన మాట ఇప్పుడు వేళ్ళ దాకా వచ్చి ఆగింది. గొంతు మండుతోంది. కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఆ అరగంట రెక్కలు కట్టుకుని ఎగిరినట్టే ఉంది.

గేటులోకి తెల్ల వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు ఒక అట్టపెట్టెను దించుతున్నారు. ఆమె దాన్ని చూసి కూడా ఆగలేదు. "నాలుగో నంబరు! రైల్వే గేటు మీదుగా..." అని మొదలెట్టింది. గొంతు బొంగురుపోయి, మాట సగంలో తెగింది. ఇంకోసారి ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు పైనుంచి,

"నాలుగో నంబరు బస్సు, రైల్వే గేటు మీదుగా మిల్లుకు, ఒకటో ప్లాట్‌ఫారం."

ఒక్క చోటా తడబడలేదు. అంకెకూ అంకెకూ మధ్య ఎత్తుపల్లాలు లేకుండా, కొత్తగా ఇస్త్రీ చేసిన చీరలా, ఆమె గొంతు పైకప్పు కింద పరుచుకుంది. ఇస్త్రీ చేసింది పొద్దుటి నుంచి తిట్టించుకున్న ఆ ప్రోగ్రామే. చుట్టూ ఎవరో చప్పట్లు కొట్టారు, ఎందుకో తెలియకుండానే ఇంకొందరు కలిశారు.

కంట్రోలరు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వ్యాను మనుషులతో "దించకండి బాబూ, మళ్ళీ ఎక్కించండి, ఎక్కించండి" అని, ఆమె వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"హెడ్డాఫీసు అమ్మాయి లైన్లో ఉందమ్మా. ఫోను మీకే ఇమ్మంటోంది. పై అధికారితో కూడా మాట్లాడిందట, కొత్త పెట్టె వద్దన్నారు, మీ గొంతే ఉంటుంది. ఏదీ, మాట్లాడండి!"

ఆమె ఫోను తీసుకుంది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. గొంతు పూర్తిగా పోయింది.

"అక్కా? వింటున్నారా? అక్కా, ఏమైనా అనండి!" అంటోంది ఫోను.

ఆమె నవ్వుతూ ఫోనును స్పీకరు కేసి ఎత్తి పట్టుకుంది. ఆరో నంబరు వస్తోందని చెబుతున్నది ఆమే కదా.